నాలుగు వేళ్ల సందు

బాన్సువాడ బస్టాండు నుంచి బోధన్ వైపు కాస్త నడవండి. టైర్ల షాపుల బోర్డులు కనబడకముందే రబ్బరు వాసన ఎదురొస్తుంది. ఏప్రిల్ ఆఖరు, పొద్దున పది గంటలు. యాసంగి కోతలు జోరు మీదున్నాయి. హార్వెస్టర్ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది, దాని వెనక వడ్ల ట్రాక్టర్లు వరస కట్టాయి. అలైన్‌మెంట్ మిషన్ ఉన్న ఈ రేకుల షెడ్డులో మీకో ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. కూర్చోండి, చాయ్ వస్తుంది.

కారుకంటే ముందు దాని చప్పుడొచ్చింది. రోడ్డు మీంచి షెడ్డులోకి ఎక్కే సిమెంటు ర్యాంపు దగ్గర ముందు బంపరు గర్రున గీసుకుంది. తెల్ల స్విఫ్ట్. నల్ల అల్లాయ్ చక్రాలు, ముందు అద్దానికి పైన అడ్డంగా ఓ స్టిక్కరు. దిగిన పిల్లగాడికి ఇరవై రెండో మూడో ఉంటాయి. కారు నేలను పట్టుకుని కూర్చున్నట్టుంది. కంపెనీ నుంచి వచ్చిన కారుకు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు ఉంటుంది. కారును డౌన్ చేయించుకునే, అంటే స్ప్రింగులు కోయించి కిందికి దింపించుకునే కుర్రాళ్ల లెక్కంతా ఆ వేళ్లలోనే. ఈ కారుకు ఎడమవైపు ఒక్క వేలు పడుతుంది, కుడివైపు ఒకటిన్నర. ఆ అర వేలు తేడాను మనసులో పెట్టుకోండి.

"అన్నా, బండి కుడి దిక్కు గుంజుతుంది. అలైన్‌మెంట్ చేసియ్యి, నిజామాబాద్ పోవాలె."

ఉస్తాద్ యాభై దాటిన మనిషి. జవాబు చెప్పకుండా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు లోపలి అంచున అరచెయ్యి పెట్టాడు. తర్వాత మీవైపు చూశాడు. "ఇటు రాండ్రి సార్, మీరూ చెయ్యి పెట్టి చూడుండ్రి."

పెట్టండి. బయటి అంచున గాడులు బాగానే ఉన్నాయి, గోరు దిగుతుంది. మధ్యలోకి వస్తే ఒకవైపు రాసినప్పుడు నున్నగా, ఎదురు రాసినప్పుడు గరుకుగా తగులుతుంది. లోపలి అంచుకు పోయేసరికి గాడి అన్నదే లేదు. ఇంకొంచెం లోపలికి పోతే వేలికి సన్నగా గుచ్చుకుంటుంది. అది టైరు లోపలి ఉక్కు తీగ. నిలబడి చూస్తే ఇదేమీ కనబడదు. అందుకే బయటినుంచి కొత్త టైరులా కనిపించేది ఓ మధ్యాహ్నం ఎండలో ఢామ్మంటుంది.

"టైర్లేసి ఎన్ని కిలోమీటర్లాయె?"

"ఎనిమిది వేలు గూడ కాలే అన్నా."

"స్ప్రింగ్ ఎంత కోసిండ్రు?"

"ఒకటిన్నర చుట్టు."

"గ్యాస్‌తోనా, కట్టర్‌తోనా?"

"ఏమో అన్నా. నేను చాయ్ తాగొచ్చేవరకే అయిపోయింది."

జాకీ ఎక్కించారు. ఎడమ ముందు చక్రం గాల్లో వేలాడుతోంది. ఉస్తాద్ చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి స్ప్రింగును పట్టుకుని తిప్పాడు. తిరిగింది! షాకప్ మీద బిగుసుకుని ఉండాల్సిన స్ప్రింగు గాజులా గలగల కదిలింది. పిల్లగాడి ముఖం మారింది. స్ప్రింగు చివరి చుట్టుకు కంపెనీ ఓ వంపు ఇస్తుంది, ఆ వంపు సరిగ్గా కూర్చునేలా షాకప్ కప్పుకు గాడి ఉంటుంది. కోసిన కొసకు వంపు ఉండదు, గాడిలో కూర్చోదు. కారు బరువు మీదున్నంతసేపూ అణిగి ఉంటుంది. గుంతలో చక్రం పూర్తిగా కిందికి జారిన క్షణాన మాత్రం దాన్ని పట్టుకునేదేమీ లేదు. గ్యాస్ మంటతో కోసి ఉంటే మరో తంటా: ఆ వేడికి ఉక్కు పదును పోయి అక్కడే విరగొచ్చు.

ఇంకోటి కూడా జరుగుతుంది. చుట్లు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరనుకుంటే ఒకటిన్నర పోగా మిగిలినవి నాలుగున్నర. గట్టితనం మూడో వంతు పెరిగినట్టే. షాకప్ మాత్రం పాత స్ప్రింగుకు తగ్గట్టు చేసిందే. అందుకే ఈ కార్లు గుంతలో పడ్డాక కూడా ఎగురుతూనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. ఉస్తాద్ జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద గీయడం మొదలుపెట్టాడు. నిలువుగా ఓ గీత, అది షాకప్. దాని అడుగు నుంచి ఇంజన్ వైపు అడ్డంగా ఓ పొడుగు గీత, అది లోయర్ ఆర్మ్. దానికి కాస్త ఎడంగా పొట్టి గీత, అది స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందువైపు ఉండేది ఈ ఏర్పాటే. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించాడు, 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్‌తో పేరుకెక్కింది. చవక, చోటు తక్కువ తీసుకుంటుంది. కానీ కంపెనీ పెట్టిన ఎత్తు దగ్గరే దాని కొలతలన్నీ కుదురుతాయి.

"గీ ఆర్మ్ ఇక్కడ్నించి తిరుగుతది, గీ రాడ్ అక్కడ్నించి తిరుగుతది. రెండిట్ల పొడుగు ఒక్కటి కాదు. బండి రెండించులు దిగితే రెండూ రెండు తీర్ల తిరుగుతయ్. గప్పుడు చక్రం నువ్వు తిప్పకుండనే తిరుగుతది," అంటూ వేలితో రెండు వంపులు గీశాడు.

పాఠ్యపుస్తకంలో అరపేజీ తీసుకునే విషయం ఇది. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగాయా, బయటికి తెరుచుకున్నాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలిందా, బయటికా అన్నది క్యాంబర్. కారు దిగితే రెండూ మారతాయి. టో ఏవైపు మారుతుందన్నది కారును బట్టి ఉంటుంది. ఈ కారుకు ముందంచులు బయటికి తెరుచుకున్నాయి, చక్రాల తలలు లోపలికి వాలాయి. రెండూ కలిసి టైరు లోపలి అంచునే తిన్నాయి. అందరూ క్యాంబర్‌ను తిడతారుగానీ పెద్ద దొంగ టో. అరవై సెంటీమీటర్ల టైరు ముందంచుకూ వెనకంచుకూ 3 మిల్లీమీటర్ల తేడా ఉందంటే, కిలోమీటరు పోయేసరికి ఆ టైరును 5 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు లెక్క. బాన్సువాడ నుంచి నిజామాబాద్ పోయొస్తే ఎంత ఈడ్చినట్టో మీరే వేసుకోండి.

డౌన్ చేస్తే మలుపుల్లో కారు ఒరగదన్నది కుర్రాళ్ల గట్టి నమ్మకం. సగమే నిజం. మెక్‌ఫర్సన్ కార్లలో బాడీ ఎంత దిగుతుందో, అది ఒరిగే కేంద్రం అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. అంటే ఒరగదోసే బలానికి పట్టు పెరుగుతుంది. ఒరగకుండా ఆపుతున్నది కారు ఎత్తు కాదు, గట్టిపడిన స్ప్రింగు.

ఇప్పుడు కారు మిషన్ మీదికి ఎక్కింది. ముందు చక్రాలు గుండ్రటి తిరుగుడు ప్లేట్ల మీద, నాలుగు చక్రాలకూ అద్దాల్లాంటి పలకలున్న క్లాంపులు. ఎదురుగా స్తంభం మీది కెమెరాలు ఆ పలకల్ని చూస్తుంటాయి. హెల్పర్ పిల్లవాడు గాలి నాలుగింటికీ సమం చేశాడు. చక్రాన్ని ఇటూ అటూ పట్టుకుని ఊపి టై రాడ్ ఎండ్‌లో ఆట ఉందేమో, పైనా కిందా పట్టుకుని బాల్ జాయింట్ వదులయిందేమో చూశాడు. ఈ ఊపడం చేయకుండా నేరుగా కంప్యూటర్ ముందు కూర్చునే షాపు నుంచి లేచి వచ్చేయండి. జాయింట్ వదులుంటే ఎంత కొలిచినా దండగే. తర్వాత కారును ఒకింత వెనక్కీ ముందుకీ దొర్లించారు, స్టీరింగ్ ఎడమకూ కుడికీ తిప్పారు. తెరమీద అంకెలొచ్చాయి, ఎక్కువ భాగం ఎర్రగా.

ఎడమ చక్రం క్యాంబర్ మైనస్ ఒకటిన్నర డిగ్రీ దాటింది. కుడిది ఒక డిగ్రీ లోపే. ఆ అర వేలు తేడా ఇదే. చక్రం తల ఎటు తక్కువ లోపలికి వాలి ఉంటే కారు అటు లాగుతుంది, అంటే కుడికి. మన రోడ్ల మీద కుడి అంటే ఎదురొచ్చే లారీ.

"క్యాంబర్ కూడ సెట్ చెయ్యి అన్నా."

"దీనికి క్యాంబర్ నట్టు రాదు తమ్మీ. కోసినోన్నడుగు."

నిజమే. ఇలాంటి చిన్న కార్లలో కంపెనీ తిప్పుకోనిచ్చేది ముందు చక్రాల టో ఒక్కటే. వెనక రెండు చక్రాలనూ కలిపి ఒకే దూలం మోస్తుంది, దానికి సరిచేసే నట్లు లేవు. క్యాంబర్ బోల్టులని బయట దొరుకుతాయి, డిగ్రీ అటూఇటూ జరుపుకోవచ్చు. గాడిలో కూర్చోని స్ప్రింగుకు అవి పెట్టి లాభం లేదు.

స్టీరింగును నిటారుగా పట్టి కట్టేశారు. ఉస్తాద్ కింద దూరి టై రాడ్ లాక్ నట్టు మీద తుప్పు నూనె కొట్టాడు, పానా పట్టాడు. రాడ్ తిప్పేముందు రబ్బరు బూటు క్లిప్పు వదులు చేశాడు. ఇది చేయకపోతే బూటు మెలిపడి చిరుగుతుంది, ధూళి లోపలికి పోయి స్టీరింగ్ ర్యాకే పోతుంది. అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు. తెరమీద టో అంకె ఎరుపు నుంచి పచ్చకు మారింది. క్యాంబర్ రెండూ ఎర్రగానే ఉండిపోయాయి. కాగితం చింపి పిల్లగాడి చేతిలో పెట్టి, "నిజామాబాద్ దీని మీద పోవద్దు. స్ప్రింగులు మార్చి రా," అన్నాడు. డబ్బు సగమే తీసుకున్నాడు.

నిజామాబాద్ పోయే వర్ని దారి చూస్తే ఆయన ఎందుకన్నాడో తెలుస్తుంది. నిజాంసాగర్ కాలువల నీటితో పండే నేల ఇది, ఈ కోతల రోజుల్లో రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. మామూలు కారు పొట్ట కింద చిన్న రాయి దాటిపోతుంది, దిగిన కారుకు ఇంజన్ ఆయిల్ చాంబరే తగులుతుంది. 2025 ఆగస్టు చివరి వానలకు కామారెడ్డి జిల్లాలో రోడ్లు కోసుకుపోవడం అందరూ చూసిందే. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లలో యాక్సిడెంటైన మర్నాడు పోసే కాంక్రీటు కట్టకు ఆ వెడల్పులో పావు కూడా ఉండదు. కొత్త స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. రెండించులు దించితే మిగిలేది 11 సెంటీమీటర్ల పైచిలుకు, అదీ కారు ఖాళీగా ఉంటే. నలుగురు దోస్తులెక్కాక లెక్కే లేదు.

పోలీసుల సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టంతో ఆపగలమా అంటే వేరే మాట. కారులో ఏ భాగమూ రిమ్ము అడుగుకంటే కిందికి రాకూడదని కాలిఫోర్నియా 1950ల చివర్లోనే నిషేధం పెట్టింది. అక్కడి మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు హైడ్రాలిక్ పంపులు పెట్టుకుని పోలీసు కనబడగానే కారును పైకి లేపేవాళ్లు. 2024 జనవరి 1 నుంచి ఆ ఆంక్షే ఎత్తేశారు.

నన్నడిగితే వడ్లు రోడ్డు మీద ఆరే ఊళ్లో కారు దించకపోవడమే మేలు. మనసాగని వాళ్లు కోయించొద్దు. ఆ మోడల్‌కని చేసిన స్ప్రింగులే, మూడు సెంటీమీటర్లకు మించకుండా, ఎడమా కుడీ జోడీగా వేయించండి. వేసినరోజు అలైన్‌మెంట్ చేయించండి, స్ప్రింగులు సర్దుకున్నాక కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ చేయించండి. పాత అంకెలూ కొత్త అంకెలూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. ఆ షెడ్డులోనే లైట్లు గోడకు కొట్టి హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి. వెనకభాగం ఎక్కువ దిగితే వెలుగు పైకి లేచి, రాత్రిపూట ఎదురుగా వడ్ల లోడుతో వచ్చే ట్రాక్టర్ డ్రైవర్ కళ్లలో కొడుతుంది.