బ్రెయిడ్ గేమ్ ధర గొడవ: 15 డాలర్లు ఎక్కువన్నారు.. చివరికి ఏమైంది?

2008 ఆగస్టు 6, బుధవారం. ఎక్స్‌బాక్స్ 360 ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ స్టోర్‌లో ఓ కొత్త గేమ్ కనిపించింది. పేరు బ్రెయిడ్. దీనికి డిస్క్ లేదు, అట్టపెట్టె లేదు, షాపులో దొరకదు. ఎక్స్‌బాక్స్ లైవ్ ఆర్కేడ్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. రేటు 1200 మైక్రోసాఫ్ట్ పాయింట్లు, అంటే 15 డాలర్లు. అప్పటి డాలర్ లెక్కన మన రూపాయల్లో 600 పైమాటే.

రివ్యూలు మాత్రం అదిరిపోయాయి. మెటాక్రిటిక్‌లో 100కి 93 వచ్చింది. పెద్ద కంపెనీలు కోట్లు పోసి తీసిన గేమ్‌లకు కూడా అంత స్కోరు రావడం కష్టం. కానీ అదే సమయంలో గేమర్ల మధ్య ఇంకో చర్చ మొదలైంది. గేమ్ బాగుంది సరే, ఇంత చిన్న గేమ్‌కి 15 డాలర్లా? ఐదారు గంటల్లో అయిపోయేదానికి ఇంత రేటేంటి? ఇదీ గొడవ. పదిహేనేళ్లు దాటినా ఇండీ గేమ్‌ల ధర గురించి ఎక్కడ మాట వచ్చినా బ్రెయిడ్ పేరు వస్తూనే ఉంటుంది.

అసలేంటీ బ్రెయిడ్?

పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా ఒకరిద్దరో, చిన్న టీమో తయారు చేసే గేమ్‌లను ఇండీ గేమ్‌లు అంటారు. బ్రెయిడ్‌ని తయారు చేసింది అమెరికాకు చెందిన జోనాథన్ బ్లో. డిజైన్, ప్రోగ్రామింగ్ ఆయనవే. బొమ్మలు వేసింది డేవిడ్ హెల్‌మన్. ఆడే పద్ధతి చూస్తే ఇది పజిల్ ప్లాట్‌ఫార్మర్. అంటే మారియోలా పరిగెత్తడం, గెంతడం, రాక్షసుల నెత్తిన దూకడం ఉంటాయి. కాకపోతే ముందుకెళ్లాలంటే చేతివేగం చాలదు, బుర్ర పెట్టాలి.

హీరో పేరు టిమ్. సూటు, టై కట్టుకున్న కుర్రాడు. ఓ రాకుమారిని వెతుక్కుంటూ వెళ్తుంటాడు. గోతిలో పడ్డా, రాక్షసుడికి చిక్కినా ఆట అయిపోదు. ఓ బటన్ నొక్కితే కాలం వెనక్కి తిరుగుతుంది. మీరు ఫోన్‌లో వీడియో చూస్తూ వేలితో వెనక్కి జరుపుతారు చూడండి, అచ్చం అలాగే. ఎంత వెనక్కైనా వెళ్లొచ్చు, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు.

మరి చావే లేనప్పుడు ఇందులో కష్టమేముంది అంటారా? అక్కడే ఉంది అసలు తమాషా. ఒక్కో లోకంలో కాలం ఒక్కోలా నడుస్తుంది. ఒక చోట ఆకుపచ్చగా మెరిసే వస్తువుల మీద రివైండ్ పనిచేయదు. మీరు వెనక్కి వెళ్లినా అవి వెళ్లవు. ఇంకో లోకంలో టిమ్ కుడివైపు నడిస్తే కాలం ముందుకు, ఎడమవైపు నడిస్తే వెనక్కి పోతుంది. నిలబడితే అదీ ఆగుతుంది. మరో చోట రివైండ్ చేశాక, మీరు అంతకుముందు చేసిన పనిని మీ నీడ మళ్లీ చేసి చూపిస్తుంది. మీరూ, మీ నీడా కలిసి పని పూర్తి చేయాలన్నమాట. ఒక ఉంగరం ఉంటుంది.. దాన్ని కింద పెడితే చుట్టుపక్కల కాలం నెమ్మదిస్తుంది. మొత్తం 60 ముక్కలు ఏరుకోవాలి. ఒకే ట్రిక్కుని పదిసార్లు తిప్పి వాడటం దాదాపు ఎక్కడా కనిపించదు. గేమ్ చిన్నదవడానికి కారణం కూడా అదే.

1200 పాయింట్ల లెక్కేంటి?

ఇప్పటివాళ్లకు ఇది కాస్త వింతగా అనిపించొచ్చు. అప్పట్లో ఎక్స్‌బాక్స్ స్టోర్‌లో నేరుగా డాలర్లు పెట్టి గేమ్ కొనే పద్ధతి లేదు. ముందు డబ్బులిచ్చి మైక్రోసాఫ్ట్ పాయింట్లు కొనుక్కోవాలి, ఆ పాయింట్లతో గేమ్ కొనుక్కోవాలి. 80 పాయింట్లు అంటే ఒక డాలర్. 400 అయితే 5 డాలర్లు, 800 అయితే 10, 1200 అయితే 15.

ఇక్కడో మెలిక ఉంది. అమెరికాలో కన్సోల్ నుంచి కొంటే పాయింట్లు 500, 1000, 2000, 5000 ప్యాకుల్లో అమ్మేవారు. 1200 ప్యాక్ అంటూ ఉండేది కాదు. ఖాతాలో ఏమీ లేనివాడు బ్రెయిడ్ కొనాలంటే 1000 ప్యాక్ ఒకటి, 500 ప్యాక్ ఒకటి తీసుకోవాలి. అంటే 18 డాలర్ల 75 సెంట్లు. షాపులో కార్డు కొంటే 1600 పాయింట్లకు 20 డాలర్లు. మిగిలిన పాయింట్లు ఖాతాలో పడి ఉంటాయి. ఇంకో గేమ్ కొనేదాకా వాటితో పనిలేదు. కిరాణా కొట్టులో చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టినట్టే. రేటు మీద వచ్చిన కోపంలో కొంత ఈ పాయింట్ల పద్ధతికి చెందాల్సింది. కానీ అది కూడా గేమ్ ఖాతాలోనే పడింది. ఆ పాయింట్ల గోలను మైక్రోసాఫ్ట్ 2013లో ఎత్తేసి మామూలు కరెన్సీ తెచ్చింది.

ఇక పక్కనున్న గేమ్‌ల రేట్లు కూడా చూడాలి. ఆ వేసవిలో మైక్రోసాఫ్ట్ వరుసగా ఐదు గేమ్‌లను వారానికొకటి చొప్పున ప్రచారం చేసి విడుదల చేసింది. జామెట్రీ వార్స్ రెండో భాగం, బయోనిక్ కమాండో రీఆర్మ్‌డ్, గలాగా లీజియన్స్.. ఈ మూడూ 800 పాయింట్లే. 1200 పెట్టినవి రెండే రెండు. ఒకటి బ్రెయిడ్, రెండోది క్యాజిల్ క్రాషర్స్. క్యాజిల్ క్రాషర్స్‌ని నలుగురు కలిసి ఆడుకోవచ్చు, మళ్లీ మళ్లీ ఆడొచ్చు. బ్రెయిడ్ ఒక్కరే ఆడాలి. పజిల్ ఒకసారి తెలిసిపోయాక రెండోసారి ఆ మజా రాదు. అందుకే ఎక్కువ దెబ్బలు దీనికే తగిలాయి.

మూడేళ్లు.. 2 లక్షల డాలర్లు

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. బ్రెయిడ్ ఆలోచన మొదలైంది 2004 డిసెంబర్‌లో. 2005 చివరికే ఆడటానికి వీలైన వెర్షన్ తయారైంది. కాకపోతే బొమ్మలు నాసిరకం. అలా ఉన్నప్పుడే 2006 ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో గేమ్ డిజైన్‌లో కొత్తదనానికి అవార్డు కొట్టింది. ఆ తర్వాత హెల్‌మన్ వచ్చి మొత్తం రూపురేఖలు మార్చారు. ఇప్పుడు స్క్రీన్‌షాట్లలో కనిపించే ఆ వాటర్‌కలర్ పెయింటింగ్ లాంటి అందం అంతా ఆయన చలవే. సంగీతం కొత్తగా చేయించలేదు. షీరా కామెన్, జేమీ సీబర్ లాంటి కళాకారుల పాత ట్రాకులకు లైసెన్స్ తీసుకుని వాడారు.

దీనంతటికీ బ్లో పెట్టిన సొంత డబ్బు దాదాపు 2 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం బొమ్మలకు, మిగతాది తన ఇంటి ఖర్చులకు పోయింది.

ఓ చిన్న లెక్క వేద్దాం. స్టోర్లలో ఇప్పుడు మామూలుగా నడిచే 30 శాతం కోతనే ఇక్కడా ఉదాహరణగా వేసుకుందాం. 15 డాలర్ల గేమ్ ఒకటి అమ్మితే తయారుచేసినవాడి చేతికి వచ్చేది పదిన్నర డాలర్లు. పెట్టిన 2 లక్షలు వెనక్కి రావాలంటే 19 వేలకు పైగా కాపీలు అమ్ముడవ్వాలి. అదే 10 డాలర్లకు పెడితే చేతికి 7 డాలర్లు, అమ్మాల్సింది 28 వేలకు పైగా. పన్నులు తీయలేదు, మూడేళ్ల కష్టానికి జీతం కట్టలేదు. కొనేవాడికి తేడా 5 డాలర్లే. తయారుచేసేవాడికి మాత్రం 9 వేల మంది కొనుగోలుదారులు.

మరి జనం ఏం చేశారు? అప్పటి కథనాల ప్రకారం మొదటి వారంలోనే 55 వేల మందికి పైగా కొన్నారు. గొడవ గొడవే, అమ్మకాలు అమ్మకాలే.

పీసీకి వచ్చేసరికి వెనక్కి తగ్గారు

కంప్యూటర్ వెర్షన్ దగ్గర మాత్రం కథ వేరేలా నడిచింది. మొదట 20 డాలర్లు అని ప్రకటించారు. గేమర్లు ఊరుకోలేదు. ఎక్స్‌బాక్స్‌లో 15 అయితే ఇక్కడ 20 ఏంటి అని నిలదీశారు. విడుదలకు ముందే బ్లో రేటు తగ్గించి 15 డాలర్ల దగ్గరకు తెచ్చారు. 2009 ఏప్రిల్ 10న పీసీలో వచ్చింది. అదే ఏడాది మ్యాక్, ప్లేస్టేషన్ 3 వెర్షన్లు కూడా వచ్చాయి.

ఇక్కడ గేమర్ల మాటలో న్యాయం ఉందనే చెప్పాలి. ఒకే సరుకుకి రెండు కొట్లలో రెండు రేట్లు ఉంటే అడిగే హక్కు కొనేవాడికి ఉంటుంది. కానీ గంటల లెక్క మాత్రం అంత గట్టి వాదన కాదు. ఈ వాదన పట్టుకునే మరుసటి ఏడాది లింబో మీద కూడా పడ్డారు. డెన్మార్క్‌కు చెందిన ప్లేడెడ్ తీసిన ఆ నలుపు తెలుపు గేమ్ 2010 జూలైలో ఇదే స్టోర్‌లో ఇదే 1200 పాయింట్లకు వచ్చింది. నాలుగు గంటలు కూడా ఆడలేదే అన్నారు. ఆ లెక్కన చూస్తే మూడు గంటల సినిమా కన్నా వెయ్యి ఎపిసోడ్ల సీరియల్ గొప్పదవ్వాలి!

గేమ్ నిడివిని ఊరికే సాగదీయడం ఆటగాడి టైం వృథా చేయడమేనని బ్లో చాలా వేదికల మీద వాదించారు. ఆయన తీరు ఎలా ఉంటుందంటే, బ్రెయిడ్ అధికారిక వాక్‌త్రూ అని ఒకటి పెట్టారు. జవాబులు ఉంటాయేమోనని ఆశగా తెరిస్తే, మీరే ఆలోచించుకోండి, జవాబు చూస్తే మజా పోతుంది అన్న సారాంశమే ఉంటుంది. అదే మనిషి గేమ్‌లో ఎనిమిది రహస్య నక్షత్రాలు దాచిపెట్టారు. అందులో ఒకటి దొరకాలంటే నెమ్మదిగా కదిలే ఓ మేఘం అవతలి వైపుకు చేరేదాకా దాదాపు రెండు గంటలు ఎదురుచూడాలి. ఇంకోవైపు గేమ్ మొత్తాన్ని 45 నిమిషాల్లోపు ముగించినవాళ్లకు ప్రత్యేక గుర్తింపు పెట్టారు. ఇక నిడివి ఎంత అని ఎవరు తేలుస్తారు?

వచ్చిన డబ్బు ఎటు పోయింది?

బ్రెయిడ్ లాభాలను బ్లో తన తర్వాతి గేమ్ ది విట్‌నెస్ మీద పెట్టారు. అది 2016 జనవరి 26న విడుదలైంది. ధర ఏకంగా 40 డాలర్లు. మళ్లీ అదే గొడవ, ఇండీ గేమ్‌కి ఇంత రేటా అని. మొదటి వారంలోనే 50 లక్షల డాలర్లకు పైగా వసూళ్లు వచ్చాయని ఆయనే వెల్లడించారు.

ఇక 2024 మే 14న బ్రెయిడ్ యానివర్సరీ ఎడిషన్ వచ్చింది. బొమ్మలన్నీ కొత్తగా మెరుగులు దిద్దారు, కొత్త పజిల్స్ కలిపారు, తయారీ వెనక కథ చెప్పే గంటల కొద్దీ ఆడియో కామెంటరీ పెట్టారు. ధర 20 డాలర్లు. అప్పట్లో పీసీలో జనం వద్దన్న ధర ఇదే. ఈసారి ధర మీద ఆ స్థాయి రచ్చ లేదు. కానీ కొన్నవాళ్లూ తక్కువే. అమ్మకాలు దారుణంగా ఉన్నాయని, కంపెనీ నడవడానికి ఆ డబ్బు చాలదని బ్లో బహిరంగంగానే చెప్పారు.

ఎందుకిలా అంటే ఒక్క కారణం చెప్పడం కష్టం. ఒకసారి విడిపోయిన పజిల్‌కి మళ్లీ డబ్బులు పెట్టడం అందరికీ రుచించదు. పైగా 2008లో ఆ స్టోర్‌కి బుధవారం బుధవారం ఒకటో రెండో గేమ్‌లు వచ్చేవి, అందరి కళ్లూ వాటి మీదే ఉండేవి. ఇప్పుడు స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా గేమ్‌లు వచ్చిపడ్డాయి. రేటు ఎక్కువ అని తిట్టడానికైనా ముందు ఆ గేమ్ వచ్చిందని తెలియాలి కదా.

ఫోన్‌లో ఆడొచ్చా?

యానివర్సరీ ఎడిషన్ వచ్చిన రోజే నెట్‌ఫ్లిక్స్ చందాదారులకు ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో అదనపు ఖర్చు లేకుండా దొరికింది. అయితే 2025 జూలైలో నెట్‌ఫ్లిక్స్ తన గేమ్‌ల జాబితాలోంచి ఇరవైకి పైగా గేమ్‌లను తీసేసింది. అందులో బ్రెయిడ్ కూడా ఉంది. చందా కట్టి ఆడుతున్నవాళ్లకు సగంలో ఉన్న ఆట సగంలోనే ఆగిపోయింది. డబ్బులిచ్చి కొనుక్కున్నదానికీ, చందా మీద దొరికినదానికీ ఉన్న తేడా ఇదే. అలాగని కొన్నది కలకాలం ఉంటుందన్న భరోసా కూడా లేదు. బ్రెయిడ్ మొదట అమ్ముడైన ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూతపడింది.

కొనాలనుకునేవాళ్లకు యానివర్సరీ ఎడిషన్ పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్‌లకు వచ్చింది. స్టీమ్‌లో అయితే 2015 నుంచి మనకు ధరలు రూపాయల్లోనే కనిపిస్తున్నాయి. 20 డాలర్లను ఇవాళ్టి మారకంతో గుణించుకుని కంగారు పడక్కర్లేదు. అక్కడ రూపాయి ధర విడిగా పెడతారు, నేరుగా స్టోర్ పేజీలో చూసుకోవడమే మేలు. పండగ సేల్స్ టైంలో తగ్గింపులు కూడా ఉంటాయి.

నచ్చకపోతే? కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే స్టీమ్ డబ్బులు వెనక్కి ఇస్తుంది. కాబట్టి ఆ మేఘం కోసం ఎదురుచూసే పని మాత్రం మొదటి రోజే పెట్టుకోకండి.