మ్యూజియం పట్టికలో మా కొండవీడు

జాబితా ఏదైనా మరీ పొడుగైతే "కొండవీటి చాంతాడంత ఉన్నది" అనడం తెలుగువారి వాడుక. కొండవీటి బావులలో నీరు బాగా లోతున ఉండేది. బొక్కెన నీటిని తాకాలంటే బారలకొద్దీ తాడు కావలసి వచ్చేది. ఆ ఇబ్బందిలోనుంచి పుట్టిన మాట ఇది. తెలుగు పండితుడిగా పనిచేసినన్నాళ్ళూ ఈ జాతీయాన్ని పిల్లలకు చెబుతూనే వచ్చాను. కాని ఒకనాడు నిజంగానే ఒక పెద్ద జాబితాలో కొండవీటిని వెదకవలసి వస్తుందనీ, వెదికినా అది దొరకదనీ ఊహించలేదు.

మొన్న సంక్రాంతి పండుగకు నా పూర్వవిద్యార్థి ఒకడు చూడవచ్చాడు. ఇంజనీరింగు చదివి, వేరొక నగరంలోని ఒక మ్యూజియంలో వస్తువుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే ఉద్యోగం చేస్తున్నాడు. "సాఫ్టువేరు చదివినవాళ్ళందరూ అమెరికా వెళ్తుంటే, నీవు పాతసామాన్ల గదిలో కూర్చున్నావేమిరా?" అని పరిహాసమాడాను. వాడు నవ్వి, వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరచి, "మాస్టారూ, ఇక్కడొక గడి నింపలేక మీ దగ్గరకు వచ్చానండీ" అన్నాడు.

తెరమీద ఒక శాసనపు నకలు కనిపించింది. రాతిమీద తడికాగితం పరచి, మసి అద్ది తీసిన నకలు అది. దానికి సంబంధించిన పాత రిజిస్టరులో, వెలిసిపోయిన సిరాతో, ఇంగ్లీషులో రెండు ముక్కలు వ్రాసి ఉన్నవి: "కొండవీర్, కిస్ట్నా జిల్లా". తరువాత ఎప్పుడో దానిని కంప్యూటరులోకి ఎక్కించినవారు "కొండపల్లి, కృష్ణా జిల్లా" అని సవరించారు. మావాడికి అనుమానం వచ్చింది. అడిగేవారెవరూ దగ్గర లేరు.

ఆ సవరించినవారిని నేను తప్పుపట్టను. కృష్ణా జిల్లా అన్న మాటతో "కొండ" అని మొదలయ్యే ఊరు కనబడితే ఎవరికైనా బొమ్మల కొండపల్లే గుర్తుకు వస్తుంది. పైగా రెండూ గిరిదుర్గాలే. రెండింటినీ గజపతుల చేతిలోనుంచి శ్రీకృష్ణదేవరాయలే గెలుచుకున్నాడు. ఇక "కొండవీర్" అన్నది పాత ఐరోపా వ్రాతలలో మన కొండవీటికి ఉన్న పేరు. ఐతే కొండవీడు కృష్ణా జిల్లాకు ఎలా పోయింది?

దీనికి సమాధానం రెవెన్యూ చరిత్రలో ఉన్నది. 1859లో ఆంగ్ల ప్రభుత్వం గుంటూరు జిల్లాను రద్దుచేసి, అందులో అధికభాగాన్ని కృష్ణా జిల్లాలో కలిపింది. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, కొండవీడు అందులో చేరింది. కొండ కదలలేదు, కోట కదలలేదు, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. దీనికి తోడు గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఈ సీమకు ముర్తజానగరం అనే పేరు కూడా ఉండేది. "కొండవీడు, గుంటూరు జిల్లా" అని మాత్రమే వెదికేవారికి ఈ పేర్ల కింద దాగిన వస్తువు ఒక్కటీ దొరకదు.

రిజిస్టరు పుట అంచున పెన్సిలుతో "గోపీనాథ పగోడా" అని ఉన్నదేమో చూడు నాయనా అన్నట్టుగా నేను దైవజ్ఞుడిని కాను. పుట మొత్తం పెద్దది చేసి చూపించమన్నాను, అంతే. కొండ దిగువన గోపీనాథస్వామి ఆలయం ఉన్న ఊరివాళ్ళకు ఆ అంచున వ్రాసిన మాట కనిపించగానే ఇక సందేహం మిగలదు. మావాడు ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఈ ఒక్క కాగితం సరే, తక్కినవాటి సంగతేమిటి?

మ్యూజియంలో ఒక వస్తువు చేరగానే దానికి ఒక సంఖ్య వేస్తారు. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను తీసుకోండి. వాటి సంఖ్యలు "1880,0709" అని మొదలవుతవి. అంటే 1880వ సంవత్సరం, జూలై 9 అని అర్థం. అవి ఆ మ్యూజియం పుస్తకాలకు ఎక్కిన తేదీ అది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు తరలించిన ఆ పాలరాళ్ళు 1859లో లండనుకు వెళ్ళి, వేర్వేరు చోట్ల ఉండి, చివరకు అక్కడికి చేరినవి. రాయికి దక్కిన అంకె దాని పుట్టుకను చెప్పదు, చేరికను చెబుతుంది. అది పుట్టిన ఊరు ఏదని చెప్పేది పట్టికలోని మరొక గడి: "దొరికిన చోటు". వస్తువు మీద మన ఊరికి మిగిలిన హక్కంతా ఆ ఒక్క గడిలోనే ఉన్నది. అది తప్పిపోతే ఆ వస్తువు మనకు రెండవసారి పోయినట్లే.

మన జిల్లాలోనే నాగార్జునకొండను చూడండి. అక్కడ 1954 నుంచి 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకాలు జరిగినవి. తరువాత ఆ లోయ నాగార్జునసాగరం నీటిలో మునిగిపోయింది. ఇక్ష్వాకుల విజయపురిలో దొరికిన శిల్పాలు ద్వీపంమీది మ్యూజియానికి చేరినవి. వాటిలో పెక్కింటికి దొరికిన చోటు ఈనాడు వెళ్ళి చూడగలిగేది కాదు. అది త్రవ్వకాల నివేదికలలో, మ్యూజియం పట్టికలలో మాత్రమే మిగిలి ఉన్నది. అటువంటి గడిలో ఒక అక్షరం జారితే, పోయి సరిచూసుకోవడానికి నేల కూడా లేదు.

ఈ పని కంప్యూటరుతో మొదలైనది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులను ఈ వృత్తికి మూలపురుషులనవచ్చు. ఏలూరువారైన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊరూరా స్థానిక చరిత్రలను, శాసనాల నకళ్ళను సేకరించారు, సేకరింపజేశారు. కరణాల ఇళ్ళలోని కవిలెకట్టల నుంచి వ్రాయించిన కైఫియత్తులలో ఊరికి ఆ పేరెట్లా వచ్చింది, ఎవరెవరు ఏలారు, ఏ గుడికి ఏ మాన్యమున్నది అన్న వివరాలుంటవి. బొర్రయ్య 1803లోనే, చిన్న వయస్సులో, కన్నుమూశాడు. 1821లో మెకంజీ మరణించేనాటికి పోగైన సొత్తులో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన నకళ్ళు, 6,218 నాణేలు ఉన్నట్లు లెక్క.

ఆ రాశికి 1828లో హెచ్. హెచ్. విల్సన్ వివరణ పట్టిక ప్రకటించాడు. ఆయన సంస్కృతంలో దిట్ట. దక్షిణాది భాషలకు మాత్రం దేశీయ పండితులు తయారుచేసి ఇచ్చిన సంగ్రహాల మీద ఆధారపడ్డాడు. పట్టిక వేసేవానికి భాష రానప్పుడు భాష వచ్చినవాని మాటే ప్రమాణం. నేటికీ ఆ సూత్రం మారలేదు. ఆనాటి సేకరణలో ఇంగ్లండుకు వెళ్ళినవి వెళ్ళగా, కైఫియత్తులలో పెక్కు చెన్నపట్టణంలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరినవి. కొండవీటి దండకవిలె వంటి స్థానిక ఆధారాలను, శాసనాలను జోడించుకొనే మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో రెడ్డిరాజ్యాల చరిత్రను వెలువరించగలిగారు.

ఒక్క శాసనంలో ఏమి ఉంటుందని అడుగవచ్చు. కొండవీటికి దగ్గరలోని ఫిరంగిపురం శాసనాన్ని చూడండి. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమనే చెరువు సంగతి అందులో ఉన్నది. దానిని రచించినవాడు కొండవీటి ఆస్థానంలో విద్యాధికారియైన శ్రీనాథుడు. నీటికోసం కొండవీటి చాంతాడు పేనిన సీమలో ఒక రాణి చెరువు త్రవ్వించడం ఎంత పెద్ద పుణ్యకార్యమో ఊహించండి. ఇటువంటి శాసనం మరొక ఊరి పేరున నమోదైతే, ఆ చెరువు నీరు చరిత్రలో మరొక ఊరికి పారినట్లే.

ఈనాడు పనిముట్లకు కొరత లేదు. పూనాలోని సి-డాక్ సంస్థ మ్యూజియాల కోసం "జతన్" అనే సాఫ్టువేరును రూపొందించింది. కేంద్రప్రభుత్వపు మ్యూజియాల పోర్టలులో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికీ, మన నాగార్జునకొండకూ చోటు దక్కింది. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే అనే విదేశీ పండితులు ఆంధ్రదేశపు తొలి శాసనాలను సంకలించి, పాఠాలతో, అనువాదాలతో ఇంటర్నెట్టులో ఉచితంగా ఉంచారు. అది రెడ్డిరాజుల కాలందాకా రాదు గాని, పని ఎట్లా చేయాలో చూపుతుంది. మన లిపికి యూనికోడ్‌లో 128 స్థానాలు ఉన్నవి. పూర్వం ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటులో తెలుగు కొట్టించేది. ఫాంటు మారితే అక్షరాలు పిచ్చిగీతలయ్యేవి. ఆ బాధ ఇప్పుడు చాలావరకు తీరింది.

ఐనా కంప్యూటరు ఉన్నదని గుండెమీద చేయి వేసుకొని నిద్రపోరాదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబరు దాడి జరిగి, దాని పట్టికలు, స్కానుచేసిన వ్రాతప్రతులు నెలల తరబడి పాఠకులకు అందలేదు. మెకంజీ బృందం గీసిన అమరావతి చిత్రాల సంపుటం ఉన్నది ఆ లైబ్రరీలోనే. తాళపత్రానికి చెదపురుగు ఎట్లాగో దీనికి ఇదొకటి. పూర్వులు ప్రతికి ప్రతి వ్రాయించి వేర్వేరు ఊళ్ళలో ఉంచినట్లే, ఈ ప్రతులను కూడా ఒకటికి మూడుచోట్ల ఉంచక తప్పదు.

మరునాడు ఉదయం మావాడు మళ్ళీ వచ్చాడు. "కొండపల్లి అన్నదాన్ని చెరిపివేయనా మాస్టారూ?" అని అడిగాడు. వద్దన్నాను. ప్రాచీన కావ్యాలను పరిష్కరించే పండితుడు తాను ఒప్పుకోని పాఠాన్ని పారవేయడు. పుట అడుగున పాఠాంతరంగా చూపుతాడు. రేపు ఎవరైనా పాత పొరపాటు పేరుతో ఉదహరించిన వ్యాసం చదివి వెదుక్కుంటూ వస్తే, వారికి దారి దొరకాలి. పైగా నేను చెప్పినదే తప్పు కావచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారో వ్రాసి ఉంటే, నా తప్పును మరొకరు దిద్దగలుగుతారు.

ఇద్దరం కూర్చుని గడులు నింపాము. దొరికిన చోటు: కొండవీడు. ఇతర నామాలు: కొండవిడ్, కొండవీర్, ముర్తజానగరం. రిజిస్టరు నాటి జిల్లా: కృష్ణా. నేటి జిల్లా: పల్నాడు. మునుపటి నమోదు: కొండపల్లి. సవరణకు ఆధారం: రిజిస్టరు పుట అంచున ఉన్న గోపీనాథ పగోడా ప్రస్తావన. అరగంట పని. ఇంతకు మునుపు అది ఎన్ని ఏండ్లు తప్పు ఊరిలో ఉన్నదో లెక్క తెలియదు.

వెళ్ళేటప్పుడు వాడు, ఇటువంటివి ఇంకా చాలా ఉన్నవనీ, నెలకొకసారి పంపిస్తాననీ అన్నాడు. పంపమన్నాను. ఊరి పాతపేర్లు, చెరువుల పేర్లు, దిబ్బల పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారు ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోవాలి. పదవీ విరమణ తరువాత పండితునికి పని ఉండదని ఎవరన్నారో గాని, నా ముందున్న జాబితా మాత్రం నిజంగానే కొండవీటి చాంతాడంత ఉన్నది.