డెల్టా గ్రామములు – చమురు బావులు

కృష్ణా డెల్టా చరిత్ర యనగా జనులకు ముందుగా స్ఫురించునది నీరు. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియయ్యెను. 1957లో ప్రకాశం బారేజి దాని స్థానమున నిలిచెను. పెద్ద కాలువలు ప్రభుత్వ ఇంజనీర్ల చేతిలో నున్నను, పొలములోనికి నీరు తెచ్చు బోదెలపై ఊరి రైతులకొక మాట యుండెడిది. వంతు ఎవరిదో, పూడిక ఎవరు తీయవలెనో రచ్చబండ వద్దనే తేలెడిది. ఆ పొలము క్రిందనే, వేల మీటర్ల లోతున నున్న చమురుపైనను, సహజవాయువుపైనను మాత్రము ఊరికట్టి మాట ఎన్నడును లేకుండెను.

ఇది ఎవరో పన్నాగము పన్ని చేసినది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, చమురు క్షేత్రముల నియంత్రణాభివృద్ధుల చట్టము వెలువడెను. 1950 నాటి రాజ్యాంగము చమురును కేంద్ర జాబితాలో 53వ అంశముగను, స్థానిక ప్రభుత్వమును రాష్ట్ర జాబితాలో 5వ అంశముగను ఉంచెను. దారులు అచ్చటనే చీలినవి. 1959 నాటి నియమముల ప్రకారము భూమిపై చమురు లీజును ఇచ్చునది రాష్ట్ర ప్రభుత్వము. అందులకు ముందుగా కేంద్రము అంగీకరింపవలెను. ఆంధ్రప్రదేశమున పంచాయతిరాజ్యము అమలునకు వచ్చినదియు ఆ సంవత్సరమే. ఊరిలో మరయంత్రము పెట్టుకొనువాడు పంచాయతి అనుమతి కోరవలసియుండెను. చమురు లీజునకు పంచాయతిని అడుగవలెనను మాట మాత్రము ఆ నియమములలో లేదు.

చమురు, సహజవాయువుల కమిషను 1978లో నరసాపురమున బావి త్రవ్వుటతో ఈ ప్రాంతపు అన్వేషణ ఆరంభమయ్యెను. తరువాత నాటి కృష్ణా జిల్లాలోని కైకలూరు, లింగాల ప్రాంతములందును, మరికొంత కాలమునకు దివిసీమ నాగాయలంక వైపునను నిక్షేపములు బయల్పడెను. రైతు వద్ద కొలది ఎకరములు కౌలుకు తీసికొందురు, మెరక చేయుదురు, వరిచేల నడుమ ఇనుప గోపురము లేచును. బరువైన బురద ద్రవమును బావిలోనికి పంపుచు త్రవ్వుదురు. ఆ బరువే అడుగునున్న వాయువును అణచిపట్టును. అది చాలనినాడు వాయువు పైకి తన్నుకొని వచ్చును. దానినే బ్లో-అవుట్ అందురు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావియందు అట్లే జరిగెను. ఆ మంట మార్చి 15 వరకు, అనగా రెండు నెలలకు పైగా, ఆరలేదు. చుట్టుపట్ల జనులు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. బావుల భద్రతను చూచునది గనుల భద్రతా శాఖ. దాని ప్రధాన కార్యాలయము ధన్‌బాదులో నున్నది. బావి ఊరి చేలో, అధికారి అంత దూరమున!

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు 29 అంశములను చూపెను. అందు త్రాగునీరు కలదు, రోడ్లు కలవు, గ్రంథాలయములు సైతము కలవు. చమురు లేదు. ఇంధనమను మాట కనబడును గాని అది పశుగ్రాసముతో జోడింపబడిన యంశము. వంటచెరకు వరకే దాని పరిధి. ధనము సంగతియు నిట్టిదే. కంకర, రాయి వంటి చిన్న ఖనిజములపై వచ్చు సీనరేజిలో స్థానిక సంస్థలకు వంతు కలదు. చమురు రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరును. గనుల ప్రాంతములకై 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికిని చమురు వెలుపలిదే.

బావికంటె దూరము పోవునది పైపులైను. 1962 నాటి చట్టము ప్రకారము భూమి రైతుదే. దాని క్రింద గొట్టము వేయు హక్కు మాత్రము ప్రభుత్వము తీసికొనును. ఆ పట్టీపై రైతు ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ఈ హక్కునకు ఆ చట్టము విధించిన పరిహారము భూమి వెలలో నూటికి పది. గెజెట్టులో ప్రకటన వచ్చిన 21 దినములలో ఆక్షేపణ తెలుపవచ్చును. గెజెట్టు చదువు రైతులు ఎందరు? తాటిపాక నుండి విజయవాడ చెంతనున్న కొండపల్లి విద్యుత్కేంద్రము దిశగా పోవు పైపులైను 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామమున పేలెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. పొడి వాయువునకై వేసిన గొట్టములో తడి వాయువు పోవుటచే లోహము తినివేయబడినదని విచారణలో తేలెను.

ఆ దుర్ఘటన జరిగిన మూడవనాడు, జూన్ 30న, అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము డ్రైడెన్ అను చిన్న పట్టణము తన పరిధిలో గ్యాసు త్రవ్వకమును నిషేధింపవచ్చునని తీర్పు చెప్పెను. అయినను ఆ దేశమంతట నొకే నీతి లేదు. టెక్సాసులోని డెంటన్ పౌరులు 2014 నవంబరులో ఓటువేసి కొన్ని త్రవ్వకములను నిషేధింపగా, 2015లో రాష్ట్ర శాసనసభ అట్టి నిషేధములు చెల్లవని చట్టము చేసెను.

మన గ్రామమునకు దక్కిన తలుపు 2006 నాటి పర్యావరణ ప్రకటన తెరచినది. ఆ ప్రకటన చమురు, వాయువుల త్రవ్వకమునకు బహిరంగ విచారణను విధించెను. ముందుగా 30 దినముల గడువుతో పత్రికలలో ప్రకటన వేయవలెను. నివేదిక సారాంశము తెలుగున నుండవలెను. కలెక్టరుగాని, ఆయన నియమించిన అధికారిగాని అధ్యక్షత వహించును. గ్రామస్థులు చెప్పిన అభ్యంతరములను వ్రాసికొని, సభ చివర తెలుగులో చదివి వినిపింపవలెను. కోరమను నియమము లేదు; పదిమంది వచ్చినను సభ సాగును, వారి మాటయే ఊరి మాటగా దస్త్రమున కెక్కును.

2020 జనవరిలో ఆ తలుపు సగము మూయబడినది. నిక్షేపమున్నదో లేదో తెలిసికొనుటకై త్రవ్వు అన్వేషణ బావులకు బహిరంగ విచారణ అవసరము లేదని కేంద్రము సవరణ తెచ్చెను. ఉత్పత్తికై త్రవ్వు బావులకు విచారణ నిలిచియున్నది. అనగా, ఊరివారు మాట్లాడు సభ జరుగునాటికి మొదటి బావి వారి చేలో నిలిచియే యుండును.