బ్యాలే ఫ్లాట్స్: ఎత్తు మడమ లేని చెప్పు కథ

వేళ్లనూ మడమనూ మాత్రం కప్పి, పాదం పైభాగాన్ని తెరిచి ఉంచే సమతలపు ఆడవాళ్ల చెప్పును బ్యాలే ఫ్లాట్ అంటారు. తెలుగునాట దుకాణాల్లో దీన్నే బెల్లీస్ అని అడుగుతారు. యూరప్‌లో నాట్యం చేసేవాళ్ల కోసం పుట్టిన ఈ చెప్పు వీధిలోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని ఒక అవసరమే ముందుకు తోసింది. ఒకసారి రాజకీయం, మరోసారి యుద్ధం, ఇంకోసారి ఉద్యోగం. ఫ్యాషన్ ఆ తర్వాత వచ్చి చేరింది.

17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఎత్తు మడమ ఆడవాళ్ల సొత్తు కాదు, హోదాకు గుర్తు. 1661లో రాజ నాట్య అకాడమీని నెలకొల్పిన రాజు 14వ లూయీ స్వయంగా ఎత్తు మడమలు తొడిగేవాడు. వేదిక మీద నర్తకీమణులూ అలాంటివే తొడుక్కుని, నేలబారు లంగాలతో ఆడేవారు. 1726లో పారిస్ ఆపెరాలో అడుగుపెట్టిన మరీ కమార్గో గాలిలోకి ఎగిరి పాదాలను చకచకా ఆడించడంలో పేరు తెచ్చుకుంది. ఆ పనితనం కనబడాలని లంగా పొడవు తగ్గించింది. మడమ లేని చెప్పుతో ఆడటం కూడా ఆమెతోనే మొదలైందని నాట్య చరిత్రలో చెబుతూ వచ్చారు.

1789 ఫ్రెంచి విప్లవం తర్వాత రాచరికపు అలంకారాలన్నీ అనుమానాస్పదమయ్యాయి. ఎత్తు మడమ కూడా వాటితో పాటే పోయింది. 1790ల నుంచి దాదాపు 50 ఏళ్లపాటు యూరప్‌లో కలవారి ఆడవాళ్లు శాటిన్‌తోనో మెత్తని మేకతోలుతోనో కుట్టిన పలుచని చెప్పులు తొడిగారు. చీలమండ చుట్టూ రిబ్బన్లు చుట్టి ముడి వేసుకునేవారు. అప్పటి తెల్లని మస్లిన్ గౌన్లకు ఇవి నప్పేవి. ఆ మస్లిన్‌లో మేలు రకం బెంగాల్ మగ్గాల మీద నేసినదే. కుడి ఎడమల తేడా లేకుండా రెండు చెప్పులనూ ఒకే అచ్చు మీద కుట్టేవారు. తొడగగా తొడగగా ఏ కాలి చెప్పు ఆ కాలి ఆకారానికి వచ్చేది. బురదలో ఒక్కరోజు నడిస్తే మాత్రం వాటి ఆయువు తీరిపోయేది. 1850ల నాటికి మడమ మళ్లీ వచ్చింది, సమతలపు చెప్పు తిరిగి నాట్యశాలకు పరిమితమైంది.

నాట్యపు చెప్పు కుట్టే పద్ధతి వేరు. తోలును లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, అడుగు తోలుతో కలిపి అంచు వెంట కుడతారు. కుట్టు పూర్తయ్యాక దిండు గలేబును తిప్పినట్లు చెప్పు మొత్తాన్ని బయటికి తిప్పుతారు. కుట్టు లోపలికి వెళ్లి, చెప్పు పాదానికి అతుక్కున్నట్లు ఉంటుంది. నోటి అంచు చుట్టూ గుడ్డ పట్టీ కుట్టి, అందులో సన్నని బొందు దూరుస్తారు. దాన్ని లాగి ముడి వేస్తే చెప్పు బిగుస్తుంది. నేటి బెల్లీస్ ముందు భాగంలో కనిపించే చిన్న బో ముడి ఆ బొందుకు మిగిలిన గుర్తు.

ఇటలీ నుంచి వలస వెళ్లిన సాల్వటోర్ కపెజియో 1887లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్ దగ్గర చెప్పుల దుకాణం తెరిచాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో తోలుకు కరువొచ్చింది. 1943 ఫిబ్రవరి నుంచి మనిషికి ఏడాదికి 3 జతలు మాత్రమే అని రేషన్ పెట్టారు. నాట్యపు చెప్పులకు ఆ నిబంధన వర్తించలేదు. అమెరికన్ దుస్తుల రూపకర్త క్లేర్ మెక్‌కార్డెల్ తన నూలు దుస్తులకు జోడీగా, గట్టి సోల్ వేసిన బ్యాలే చెప్పులను కపెజియో సంస్థ చేత చేయించింది. అలా కూపన్ లేకుండా దొరికిన చెప్పు ఊళ్లో తిరిగే చెప్పయింది.

పారిస్‌లో రోజ్ రెపెట్టో 1947లో తన కొడుకు, నాట్యకారుడు రోలాఁ పెటీ కోసం తిరగేసి కుట్టే పద్ధతిలో చెప్పులు చేయడం మొదలుపెట్టింది. బాల్యంలో బ్యాలే నేర్చిన నటి బ్రిజిత్ బార్డో అంత తేలికైన చెప్పే వీధిలో నడవడానికీ కావాలని అడిగితే, 1956లో సాండ్రియోఁ అనే నమూనా తయారైంది. సిండరెల్లాకు ఫ్రెంచివారి పేరు అది. మరో నటి ఆడ్రీ హెప్‌బర్న్ కూడా బ్యాలే నేర్చినదే. ఆమె కోసం ఫ్లోరెన్స్‌లో చెప్పుల రూపకర్త సాల్వటోరె ఫెర్రగామో 1954లో స్వెడ్ తోలుతో సమతలపు చెప్పులు చేశాడు. 1957 నాటి ‘ఫన్నీ ఫేస్’ సినిమాలో నల్ల స్వెటరు, బిగుతు నల్ల ప్యాంటు, నల్ల లోఫర్లతో ఆమె చేసిన నాట్యం ఫ్లాట్స్‌ను ప్యాంటుతో జత చేసే పద్ధతికి నమూనాగా నిలిచింది. మసక వెలుతురు సెట్లో పాదాలు కనబడాలంటే తెల్ల మేజోళ్లు ఉండాలని దర్శకుడు స్టాన్లీ డోనెన్ పట్టుబట్టాడు. ఆమె అయిష్టంగానే తొడిగి, తర్వాత ఆయన మాటే సరైనదని ఒప్పుకుంది. స్టిలెట్టో మడమలు రాజ్యమేలిన దశాబ్దంలోనే ఇదంతా జరిగింది.

1984లో షనెల్ సంస్థ రూపకర్త కార్ల్ లాగర్‌ఫెల్డ్ హయాంలో ముందు భాగం నల్లగా ఉండే రెండు రంగుల ఫ్లాట్ తెచ్చింది. 2006లో అమెరికన్ రూపకర్త టోరీ బర్చ్ తన తల్లి రీవా పేరిట తెచ్చిన నమూనా ఆఫీసు చెప్పుగా పాకింది. అయినా కొలువుల్లో ఎత్తు మడమ నియమం పూర్తిగా పోలేదు. 2015 డిసెంబరులో లండన్‌లో ఒక రిసెప్షనిస్టును ఫ్లాట్స్ తొడిగిందని ఇంటికి పంపేశారు. ఉద్యోగంలో ఎత్తు మడమను తప్పనిసరి చేయడాన్ని నిషేధించాలని ఆమె పెట్టిన విజ్ఞాపనపై లక్షన్నరకు పైగా సంతకాలు పడ్డాయి. 2017 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు దీనిపై చర్చించింది. ప్రభుత్వం మాత్రం ఉన్న చట్టాలే చాలునంది. 2019లో జపాన్‌లోనూ ఇదే కోరికతో కార్మిక శాఖకు విజ్ఞాపన అందింది.

భారతదేశంలో చెప్పులూ, జుత్తీలూ ఎప్పటి నుంచో సమతలమే కాబట్టి ఎత్తు లేకపోవడం ఇక్కడ కొత్త కాదు. చుడీదార్, లెగ్గింగ్స్, జీన్స్ వంటి చీలమండ కనిపించే దుస్తులతో బెల్లీస్ ఇక్కడ కుదురుకున్నాయి. నేలను తాకే చీర కుచ్చిళ్ల కింద వాటి ఆకారం కనబడదు. మెట్టెలు పెట్టుకునేవారికి ముందు భాగం వెడల్పుగా లేకపోతే వేళ్లు ఒరుసుకుంటాయి.

చెక్క నేల మీద ఆడటానికి పుట్టిన పలుచని సోల్ తారు రోడ్డు మీది దెబ్బను ఆపలేదు. రోజంతా నడిస్తే మడమ నొప్పి రావచ్చు. అందుకే కొనేటప్పుడు చెప్పు వేళ్ల మొదట్లో వంగాలి గాని నడుమ మడతపడకూడదు, లోపల పాదం వంపుకు ఊతం ఉండాలి, మడమ జారకూడదు. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం వేళ తొడిగి చూసి కొనడం మేలు.