ఆర్థోడాంటిక్స్

ఆర్థోడాంటిక్స్ దంతవైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక విభాగం. వంకరగాను, ఒకదానిపై ఒకటి ఎక్కినట్లుగాను, ఎత్తుగాను మొలచిన పళ్ళను వరుసలోనికి తేవడం, పై దవడకూ క్రింది దవడకూ మధ్య పొంతన కుదర్చడం ఈ విభాగపు పని. ఇందులో ప్రత్యేక శిక్షణ పొందిన దంతవైద్యుని ఆర్థోడాంటిస్ట్ అంటారు. గ్రీకు భాషలో ఆర్థోస్ అనగా తిన్ననిది, ఒడౌస్ అనగా పన్ను. ఈ రెండింటి కలయికతో ఈ పేరు ఏర్పడింది. తెలుగునాట సామాన్యులు దీనిని "పళ్ళకు క్లిప్పులు వేయడం" అంటారు. అయితే క్లిప్పులు ఈ వైద్యంలో ఒక భాగం మాత్రమే. ఎదిగే వయసులో దవడ ఎముకల పెరుగుదలను సరిదిద్దడం, గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల దవడలను శస్త్రచికిత్సలకు సిద్ధపరచడం కూడా ఆర్థోడాంటిస్టులు చేసే పనులే.

పన్ను ఎలా కదులుతుంది

పన్ను దవడ ఎముకలో గోడకు దిగగొట్టిన మేకులా బిగిసి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందం గల నారపొర ఉంటుంది. పన్నుపై తేలికైన ఒత్తిడి ఎడతెగకుండా పనిచేసినపుడు, అది ఏ వైపునకు నెట్టబడుతున్నదో ఆ వైపున ఎముకను కరిగించే కణాలు (ఆస్టియోక్లాస్టులు) చేరి దారి చేస్తాయి. వెనుక వైపున నారలు సాగి, అక్కడ ఎముకను నిర్మించే కణాలు (ఆస్టియోబ్లాస్టులు) ఖాళీని పూడుస్తాయి. ఈ విధంగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. చికిత్స నెలల తరబడి, సాధారణంగా ఒకటిన్నర నుండి రెండేళ్ళ వరకు, సాగడానికి కారణం ఇదే.

ఇందుకు కావలసిన బలం చాలా స్వల్పం. పన్నును ఒక వైపునకు ఒరిగించడానికి 35 నుండి 60 గ్రాములు, వేరుతో సహా జరపడానికి 70 నుండి 120 గ్రాములు, ఎముకలోనికి దించడానికి 10 నుండి 20 గ్రాములు చాలునని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. తీగను గట్టిగా బిగిస్తే పని త్వరగా ముగుస్తుందని చాలామంది అనుకుంటారు గాని, జరిగేది దానికి విరుద్ధం. బలం మితిమీరితే నారపొరలో రక్తప్రసరణ ఆగి, ఆ భాగం నిర్జీవమవుతుంది. పన్ను కొన్ని వారాలపాటు కదలకుండా నిలిచిపోతుంది. వేరు కొన అరిగి పొట్టిగా మారే ప్రమాదమూ పెరుగుతుంది.

చరిత్ర

క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన రోమను రచయిత సెల్సస్, పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను మొలిస్తే పాలపన్నును తీసివేసి, కొత్తదానిని ప్రతిదినం వేలితో నెడుతూ సరైన చోటికి తేవాలని వ్రాశాడు. ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో ప్రచురించిన దంతవైద్య గ్రంథంలో, రంధ్రాలు గల లోహపు పట్టీకి పళ్ళను దారాలతో కట్టి వరుసకు తెచ్చే పద్ధతిని వివరించాడు.

దీనిని ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్ (1855–1930). ఆయన 1899లో ప్రకటించిన వర్గీకరణను నేటికీ ప్రపంచమంతటా విద్యార్థులు చదువుకుంటున్నారు. 1900లో ఆయన సెయింట్ లూయీ నగరంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక పాఠశాలను నెలకొల్పాడు. నలుచదరపు తీగను బ్రాకెట్టు గాడిలో అడ్డంగా అమర్చే "ఎడ్జ్‌వైజ్" పద్ధతిని 1920వ దశకంలో రూపొందించాడు. నేటి క్లిప్పులన్నిటికీ మూలం ఇదే.

ఈ శాస్త్ర చరిత్రలో అన్నిటికంటే పెద్ద వివాదం పళ్ళు పీకడం గురించినది. ప్రతి మనిషి నోటిలోను 32 పళ్ళకూ చోటు ఉంటుందని, వరుస సరిచేయడానికి ఆరోగ్యమైన పన్నును తీయరాదని యాంగిల్ గట్టిగా వాదించాడు. కాల్విన్ కేస్ దీనిని వ్యతిరేకించాడు. చివరకు యాంగిల్ సిద్ధాంతాన్ని సడలించినవారు ఆయన శిష్యులే. చార్లెస్ ట్వీడ్ తన వద్ద చికిత్స పొందినవారిలో పళ్ళు తిరిగి ముందుకు రావడం గమనించి, వారికి అగ్రచర్వణకాలు తొలగించి మళ్ళీ చికిత్స చేశాడు. ఆస్ట్రేలియాకు చెందిన రేమండ్ బెగ్ కూడా ఇదే అభిప్రాయానికి వచ్చి, సన్నని తీగలతో ఒక పద్ధతిని రూపొందించాడు. బెగ్ పద్ధతిని భారతదేశపు దంతవైద్య కళాశాలలలో చాలాకాలం బోధించారు. నేడు అందరికీ తీయడమో, ఎవరికీ తీయకపోవడమో కాక, దవడలో చోటు, పెదవుల తీరు కొలిచి నిర్ణయిస్తారు.

యాంగిల్ వర్గీకరణ

ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి చర్వణకం (పెద్ద దవడపన్ను) ఈ వర్గీకరణకు ఆధారం. పై చర్వణకపు ముందరి బయటి మొన, క్రింది చర్వణకపు గాడిలో సరిగా కూర్చుని, ముందరి పళ్ళు మాత్రం వరుస తప్పితే అది మొదటి తరగతి. క్రింది చర్వణకం వెనుకకు ఉంటే రెండవ తరగతి. ఎత్తుపళ్ళు గలవారిలో చాలామంది ఇందులోనికి వస్తారు. క్రింది చర్వణకం ముందుకు వచ్చి ఉంటే మూడవ తరగతి. ఇందులో క్రింది పళ్ళు పై పళ్ళకు ముందుగా కనిపించడం తరచుగా ఉంటుంది.

కారణాలు

వారసత్వం ముఖ్య కారణం. ఇది కాక, నాలుగైదేళ్ళు దాటినా బొటనవేలు చీకడం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం, మింగేటపుడు నాలుకతో పళ్ళను నెట్టడం వంటి అలవాట్లు పళ్ళ వరుసను చెడగొడతాయి. పాలపళ్ళు ఎలాగూ ఊడేవే కదా అని పుచ్చిన పంటిని నిర్లక్ష్యం చేయడం మన ఇళ్ళలో సామాన్యం. పాల దవడపన్ను వేళకు ముందే పోతే ప్రక్క పన్ను ఆ ఖాళీలోనికి ఒరుగుతుంది. వెనుక వచ్చే శాశ్వత పన్నుకు చోటుండదు. అటువంటప్పుడు ఖాళీని కాపాడే చిన్న తీగ అమరిక (స్పేస్ మెయింటెయినర్) పెడితే తరువాతి పెద్ద చికిత్స చాలావరకు తప్పుతుంది.

ఏ వయసులో చూపించాలి

ఏడేళ్ళ వయసులో ఒకసారి పరీక్ష చేయించాలని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సూచిస్తుంది. పరీక్ష వేరు, చికిత్స వేరు. ఎనిమిది నుండి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు పై ముందరి పళ్ళ మధ్య సందు ఏర్పడి, అవి విసనకర్రలా విచ్చుకున్నట్లు కనిపిస్తాయి. పైన మొలవబోయే కోరపళ్ళు ముందరి పళ్ళ వేర్లను నొక్కడం ఇందుకు కారణం. కోరపళ్ళు దిగిన తరువాత ఈ సందు చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది. ఈ దశలో తల్లిదండ్రుల ఆదుర్దాకు లొంగి తీగలు వేయడం మంచిది కాదు.

దవడ ఎముకలకు సంబంధించిన లోపాలకు మాత్రం ఎదుగుదల ఉండగానే చికిత్స చేయాలి. ఇరుకైన పై దవడకు అంగిలిలో మర అమర్చి, రోజుకు కొద్ది కొద్దిగా తిప్పుతూ, ఎముక అతుకును వెడల్పు చేస్తారు. క్రింది దవడ వెనుకబడినవారికి ట్విన్ బ్లాక్ వంటి పరికరాలు, పై దవడ వెనుకబడినవారికి ముఖానికి తగిలించే ఫేస్ మాస్క్ వాడతారు. ఎదుగుదల ముగిసిన తరువాత తీవ్రమైన ఎముక లోపానికి క్లిప్పులతోపాటు దవడ శస్త్రచికిత్స అవసరమవుతుంది. పళ్ళ వరుసను మాత్రమే సరిచేయడానికి వయోపరిమితి లేదు. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంటే నలభై యేళ్ళవారికైనా చేయవచ్చును. పెళ్ళి ముహూర్తానికి మూడు నెలల ముందు వచ్చి అడిగేవారికి పూర్తి చికిత్స సాధ్యపడదు.

చికిత్సా పరికరాలు

చికిత్సకు ముందు పళ్ళ అచ్చులు లేదా స్కాన్, దవడల ఎక్స్‌రేలు, ప్రక్క నుండి తీసిన తల ఎక్స్‌రే (సెఫలోగ్రామ్) పరిశీలిస్తారు. తరువాత ప్రతి పంటికీ ఒక బ్రాకెట్టును అతికించి, వాటి గుండా తీగను పోనిస్తారు. తీగ తన అసలు ఆకారానికి తిరిగి రావడానికి చేసే ప్రయత్నమే పళ్ళను కదుపుతుంది. మొదట వాడే నికెల్-టైటానియం తీగ అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన మిశ్రమలోహం. 1970వ దశకంలో జార్జ్ ఆండ్రియాసెన్ దీనిని ఆర్థోడాంటిక్స్‌లో ప్రవేశపెట్టాడు. బ్రాకెట్లు ఉక్కువి, పంటి రంగు పింగాణీవి, పళ్ళ వెనుక అతికించేవి అని పలు రకాలున్నాయి. పళ్ళను లాగడానికి గట్టి ఆధారం కావలసిన చోట చిన్న టైటానియం మరలను ఎముకలో బిగిస్తారు.

పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు (అలైనర్లు) 1990వ దశకం చివర వాడుకలోనికి వచ్చాయి. వీటిని రోజుకు 20 నుండి 22 గంటలు ధరించి, ఒకటి రెండు వారాలకొకసారి మార్చాలి. తినేటపుడు తీయవచ్చును కనుక శుభ్రత సులభం; కాని తీయగలిగినది కావడం వల్లనే క్రమశిక్షణ లేనివారిలో ఫలితమివ్వదు. వైద్యుని ముఖాముఖి పరీక్ష లేకుండా తపాలాలో తొడుగులు పంపే వ్యాపారాలు అమెరికాలో వెలిశాయి. వాటిలో పెద్దదైన ఒక సంస్థ 2023 డిసెంబరులో మూతపడగా, చికిత్స మధ్యలో ఉన్నవారు చిక్కున పడ్డారు.

ఇబ్బందులు, నిలుపుదల

తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. బ్రాకెట్ల చుట్టూ సరిగా తోమకపోతే పింగాణి పొరపై తెల్లని మచ్చలు పడతాయి, చిగుళ్ళు వాస్తాయి. జంతికలు, చెరకు, జీడిపాకం వంటివి కొరికితే బ్రాకెట్లు ఊడుతాయి.

క్లిప్పులు తీసిన నాటితో చికిత్స ముగియదు. సాగిన నారలు పళ్ళను పాత చోటికి లాగుతాయి. అందువలన రిటెయినర్ అనే పరికరాన్ని మొదట్లో దాదాపు రోజంతా, తరువాత రాత్రులు ధరించాలి. పళ్ళ వెనుక సన్నని తీగను శాశ్వతంగా అతికించడం మరొక పద్ధతి. రిటెయినర్ మానివేసి, రెండేళ్ళ శ్రమను పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు.

భారతదేశంలోను, తెలుగు రాష్ట్రాలలోను

భారత ఆర్థోడాంటిక్ సంఘం 1965లో ఏర్పడింది. బి.డి.ఎస్. పట్టా తరువాత మూడేళ్ళ ఎం.డి.ఎస్. ఈ విభాగంలో పూర్తిచేసినవారే ఆర్థోడాంటిస్టులు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి.

నల్గొండ, ప్రకాశం జిల్లాలలోని ఫ్లోరైడ్ ప్రాంతాలలో ఈ చికిత్సకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. బ్రాకెట్టు అతికించే ముందు పంటి పైపొరను ఫాస్ఫారికామ్లంతో గరుకు చేస్తారు. ఫ్లోరోసిస్ సోకిన పంటి పైపొర ఆమ్లానికి సులభంగా లొంగదు, కనుక బ్రాకెట్లు తరచుగా ఊడిపోతాయి. అటువంటివారికి ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడం, పైపొరను కొద్దిగా గీకడం, లేదా పంటి చుట్టూ లోహపు పట్టీ తొడగడం చేస్తారు.