ఫలానా వారి భార్య

అసెంబ్లీ ఎన్నికలు వస్తున్నాయంటే ఏ జిల్లాలో ఎవరికి టికెట్టు, ఎవరు గెలుస్తారు అన్నదే చర్చ. సాహిత్యం చదువుకున్న నాకు మాత్రం అంతకన్నా ముందు తయారయ్యే పుస్తకం, ఓటర్ల జాబితా మీదే ధ్యాస.

1951-52లో లోక్‌సభకూ రాష్ట్రాల శాసనసభలకూ కలిపి తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. జాబితా రాసేటప్పుడు, ముఖ్యంగా బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో, లక్షలాది స్త్రీలు పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని రాయించుకున్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని అక్కడి ఆచారం. (భర్త పేరు పలకకూడదన్న మన ఆచారానికి ఇది తోబుట్టువే.) సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మందిని తొలగించారు. ఆయన పట్టుదల సరైనదేనంటాను. కానీ ఆ ఆచారాన్ని కాపాడిన మగవాళ్లలో ఒక్కరికీ దానివల్ల ఓటు పోలేదు.

2025లో బీహార్ శాసనసభ ఎన్నికల ముందు మళ్లీ జాబితా సవరించారు. 2003 జాబితాలో లేనివాళ్లు అందులో ఉన్న తల్లిదండ్రుల పేర్లు చూపవచ్చన్నారు. భర్త పేరు పనికిరాదు. ముప్పయి అయిదేళ్ల కొడుక్కి ఆ జాబితా సొంత ఊరిదే. అదే వయసు కోడలికి మాత్రం పుట్టింటిది, ఒక్కోసారి వేరే జిల్లాది.