1934 భూకంపం ఎవరి పాపం?

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు నేను సెలవు మీద బిష్టుపూర్‌లో మా ఇంట్లో ఉన్నాను. పగలు పన్నెండు కావస్తోంది. ఫ్యాన్ ఊగింది. అందరం మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాం. పక్కింటాయన ఆకాశం వైపు చూసి, "పాపం పండిపోయిందండీ" అన్నాడు. ఎవరి పాపమండీ అని అడిగాను. "లోకంలో పాపం" అన్నాడు. నాకు మా నాన్నమ్మ సత్తు గ్లాసు గుర్తుకొచ్చింది. ఆ గ్లాసు కథ చెప్పాలంటే 1934కి వెళ్ళాలి.

ఆ సంవత్సరం జనవరి 15న మధ్యాహ్నం రెండు గంటలు దాటాక నేపాల్, ఉత్తర బీహార్ కంపించిపోయాయి. భూకంప తీవ్రత 8 దాటింది. బీహార్‌లో ఏడు వేల మందికి పైగా, నేపాల్‌లో ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. ముంగేర్ పట్టణం నేలమట్టమైంది. ఎక్కడో ఉన్న కలకత్తాలో సెయింట్ పాల్స్ కెథెడ్రల్ గోపురం కూలింది. మా ఊరు అప్పుడు బీహార్-ఒరిస్సా రాష్ట్రంలో ఉండేది. మా తాతయ్య అప్పటికే శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి, బిష్టుపూర్‌లో అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. ఇక్కడ భూమి అదిరింది కానీ ఇళ్ళు నిలిచాయి.

నాన్నమ్మ ఆ రోజు సంగతి నా చిన్నప్పుడు చాలాసార్లు చెప్పింది. కారణం కూడా చెప్పేది. "ముట్టుకోకూడనోళ్ళని గుళ్ళోకి రానిస్తామంటే భూమి ఊరుకుంటాదేటి?" అనేది. అది ఆమె ఒక్కతె మాట కాదు. గాంధీ అప్పుడు హరిజన యాత్రలో ఉన్నారు. 1933 డిసెంబరులో ఆంధ్ర ప్రాంతమంతా తిరిగారు. సనాతనులకు ఆ యాత్ర కంటగింపుగా ఉంది.

అసలు విశేషం తర్వాత జరిగింది. జనవరి చివర్లో తమిళ ప్రాంతంలో పర్యటిస్తున్న గాంధీ ఈ భూకంపం మన పాపాలకు దేవుడు వేసిన శిక్ష అన్నారు. ఏ పాపం? అస్పృశ్యత! ఆ మాట మా తాతయ్య చెవిన పడింది. మా ఇంట్లో దొడ్డి శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడకి కిటికీలో ఒక సత్తు గ్లాసు విడిగా ఉండేది. తాతయ్య భయపడి ఆ గ్లాసు తీయించేశాడు. నాన్నమ్మ గొణుక్కుంటూనే ఇంట్లో గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది.

నేను బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి. ఒకే ఓచరు చూపించి ఒకడు జమ అనీ, ఇంకొకడు ఖర్చు అనీ రాసుకుంటే ఆడిటరు ఏమంటాడు? ఆ ఓచరు దేనికీ ఆధారం కాదంటాడు. మా ఇంట్లో జరిగింది అదే. భూకంపం ఒక్కటే. అస్పృశ్యులను రానిచ్చినందుకని నాన్నమ్మ, రానివ్వనందుకని గాంధీ. పైగా అస్పృశ్యత దేశమంతా ఉంటే శిక్ష బీహార్‌కేనా? చచ్చినవాళ్ళలో ఆ అస్పృశ్యులు లేరా?

ఈ మాట అప్పుడే గట్టిగా అడిగినవాడు రవీంద్రనాథ్ ఠాగూర్. అస్పృశ్యత పోవాలన్న విషయంలో ఆయనకు గాంధీతో పేచీ లేదు. ప్రకృతి ఉత్పాతానికి కారణం ప్రకృతిలోనే ఉంటుందనీ, ఇదే తర్కంతో సనాతనులు గాంధీ వల్లే భూకంపం వచ్చిందని అనవచ్చుననీ ఆయన అభ్యంతరం. గాంధీ ఆ విమర్శను తన 'హరిజన్' పత్రికలోనే 1934 ఫిబ్రవరిలో అచ్చు వేశారు. అది ఆయన గొప్పతనం. కానీ అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. భూకంపం ఎందుకొచ్చిందో ఠాగూర్‌కీ పూర్తిగా తెలియదు. అప్పటికి ఎవరికీ తెలియదు. ఖండాలు కదులుతాయని 1912లో చెప్పిన వెగెనర్‌ మాటను చాలామంది శాస్త్రజ్ఞులు కొట్టిపారేశారు. భూఫలకాల సిద్ధాంతం స్థిరపడింది 1960ల చివర్లో. తెలియనప్పుడు తెలియదనుకుని వెతకాలి గానీ, ఖాళీగా ఉన్న గడిలో దేవుడి పేరు రాయకూడదు. జియలాజికల్ సర్వే వాళ్ళు అలాగే వెతికారు. డన్, ఆడెన్, ఘోష్, రాయ్, వాడియా కలిసి రాసిన నివేదిక 1939లో వచ్చింది. అందులో మొదటి పేరుగల డన్, మా సింగ్‌భూమ్ రాళ్ళను సర్వే చేసిన మనిషే.

ఇప్పుడు లెక్క తెలుసు. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. అందులో సుమారు 2 సెంటీమీటర్ల ఒత్తిడి హిమాలయాల కింద పడుతుంది. పగులు దగ్గర రాయి బిగుసుకుపోయి ఉంటే ఆ కదలిక బకాయి పడుతుంది. వందేళ్ళకు రెండు మీటర్లు. రాయి ఇక తట్టుకోలేనప్పుడు బకాయి ఒక్కసారిగా తీరుతుంది. తూర్పు నేపాల్‌లో కందకాలు తవ్వి చూసిన శాస్త్రజ్ఞులు 1934 నాటి పగులునూ, అదే చోట 1255 నాటి పగులునూ గుర్తించి 2013లో ప్రకటించారు. 1255లో ఏ హరిజన యాత్ర జరిగింది?

మరి మా ఊరు ఎందుకు బతికింది? పుణ్యం వల్ల కాదు. ఒకటి, దూరం. రెండు, నేల. సింగ్‌భూమ్‌లో మూడు వందల కోట్ల ఏళ్ళు దాటిన గట్టి రాళ్ళున్నాయి. ఉత్తర బీహార్ కింద ఉన్నది నదులు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, వాటి నిండా నీళ్ళు. అలాంటి నేల కుదుపుకి చిక్కటి జావలా మారిపోతుంది. మోతీహారి నుంచి పూర్ణియా దాకా సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల అలాగే కుంగింది. పొలాల్లో ఇసుకా నీళ్ళూ ఫౌంటెన్లలా చిమ్మాయి. ఇటువంటి సంగతి తెలిస్తే ఇల్లు ఎక్కడ, ఎలా కట్టాలో తెలుస్తుంది. పాపం అనుకుంటే ఏం తెలుస్తుంది?

"పోనీలెండి, గాంధీ మాట వల్ల మంచే జరిగింది కదా" అనేవాళ్ళున్నారు. వాళ్ళకు నా జవాబు ఆ సత్తు గ్లాసు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి, భూమి మళ్ళీ అదరలేదు. తాతయ్య భయం తగ్గింది. గ్లాసు కిటికీలోకి తిరిగి వచ్చింది. 1960ల్లో నేను పుట్టి పెరిగేనాటికి అది అక్కడే ఉంది. ఆవిడకు అందులో నీళ్ళు పోసి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. చేయి తగలకుండా పైనుంచి పోయడం కూడా నాకు నేర్పారు.

సాటి మనిషిని అవమానించడం తప్పు కాబట్టి మానేయమని మా తాతయ్యకు ఎవరైనా చెప్పి ఒప్పించి ఉంటే, ఆ గ్లాసు తిరిగి వచ్చేది కాదేమో. భూకంపానికి జడిసి మానేసిన తప్పు, భూమి కుదుటపడగానే మళ్ళీ మొదలవుతుంది.